పాలుకు మేపిన వ్యాకరణం

గిద్దలూరు
12 జనవరి 2025

పార్వతీ,

ఈ ఉత్తరం తెచ్చిన జీవానందానికి ముందు మంచినీళ్లు ఇచ్చి, ఆ తర్వాత చదువుకో. వెలిగండ్ల వైపు దుకాణాలకు మన పశువుల మందులు వేసే వ్యాన్‌లో, నట్టల మందు డబ్బాల మధ్య పెట్టుకుని నీ పుస్తకం తెస్తున్నాడు. వాసన వస్తే అది ఇంగ్లీషుది కాదు.

మొన్న ఒంగోలు పోయినప్పుడు కొన్నాను. నువ్వు చెబితే నమ్మలేదు గాని నిజమే. దుకాణం నిండా ముప్పై రోజుల్లో ఇంగ్లీషు, ఇరవై రోజుల్లో ఇంగ్లీషు. ఒకాయన ఏకంగా వారానికి దిగాడు. అసలు రానివాళ్లకి గుట్టలు గుట్టలు ఉన్నాయి. అంతా వచ్చి ఎక్కడో నాలుగు చోట్ల తడబడే నీలాంటి వాళ్లకి ఒక్కటీ కనిపించలేదు. “బాగా వచ్చినవాళ్లు చదువుకునే వ్యాకరణం ఉందా” అని అడిగితే, “బాగా వస్తే ఇంక పుస్తకం ఎందుకమ్మా” అన్నాడు దుకాణం ఆయన. నేను కదలకుండా నిలబడేసరికి పై అర నుంచి ఈ లావు పుస్తకం దించి దుమ్ము దులిపాడు. ఎడమ పేజీలో పాఠం, కుడి పేజీలో అభ్యాసం. గురువు లేకుండా ఎవరికి వాళ్లు చదువుకునే రకం. అట్ట మీద ఉన్నత స్థాయి అని ఉంటే నువ్వే గుర్తొచ్చావు. నీ ఎత్తు చూసి కాదులే.

ఇప్పటికి రెండు కాలేజీల వాళ్లు నీ చేత పాఠం చెప్పించుకుని, ఆహా ఓహో అని, చివర్లో రాతపరీక్ష కాగితం చూసి ఇంటికి పంపారు. మార్కాపురంలో ఆడపిల్లలకు కొత్తగా జూనియర్ కాలేజీ పెడుతున్నారట. జూన్ నుంచి ఇంగ్లీషు చెప్పడానికి ఒక్క మనిషి కావాలట. ఆ ఒక్క మనిషివి నువ్వు కావాలి. నీకు ముప్పై దగ్గరకొస్తోంది. ఎం.ఏ. పట్టా పెట్టుకుని గొర్రెపిల్లలకు సీసాతో పాలు పడుతున్నావు.

పుస్తకం ఊరికే ఇవ్వడం లేదు. మామ ఆ నరసమ్మ గొర్రెలను పాలుకు మేపుతాడు కదా, గొర్రె ఆమెది, మేపేది మామ, పుట్టిన పిల్లలు చెరిసగం. ఇదీ అంతే. పుస్తకం నాది, మేపడం నీది. వచ్చిన ఫలితం ఎలా పంచుకోవాలో వచ్చాక చూద్దాం.

చివరి పేజీలు వెతక్కు. జవాబులన్నీ బ్లేడుతో కోసి నా దగ్గర పెట్టుకున్నాను. నీ సంగతి నాకు తెలుసు, ప్రశ్న కంటే ముందు జవాబు చదువుతావు. ప్రశ్న, నీ జవాబు రెండూ కాగితం మీద రాసి వ్యాన్‌లో పంపు. నేను దిద్ది పంపిస్తా. ఫోన్‌లో ఫోటోలు పెట్టొద్దు, మీ ఊళ్లో సిగ్నల్ వచ్చేసరికి నాకు కళ్లద్దాలు మారతాయి. దుకాణంలో ఫోన్ మాట్లాడితే బర్రెకు మందు కోసం వచ్చినవాళ్లంతా సలహాలు చెబుతారు.

అత్తకూ మామకూ నా నమస్కారాలు. నీకు లేవు, ముందు చదువు.

నీ వదిన
ఉమ


వెలిగండ్ల దగ్గర, మన ఇంటి నుంచి
21 జనవరి 2025

కసాయి వదినకు,

జీవానందం మంచినీళ్లు తాగాడు, మజ్జిగ తాగాడు, అన్నం తిన్నాడు. అమ్మ పెట్టిన ఊరగాయ కూడా పట్టుకుపోయాడు. అది నీకోసం పంపింది. అందిందా లేదా రాయి.

పుస్తకం చూశాను. నీ మీద చాలా ప్రేమ కలిగింది. చివర నువ్వు కోసిన తీరు చూశాక ఆ ప్రేమ పోయింది.

నాయన దాన్ని రెండు చేతులా ఎత్తి చూసి, “ఏందే ఇది, ఇంత బరువుంది. ఎన్ని నెల్లకు ఈనుతది?” అన్నాడు. జూన్‌కి అన్నాను. పాలుకు వచ్చిందని చెప్పడం నాదే బుద్ధితక్కువ. వెంటనే లేచి గొర్రెలకు గుర్తు వేసే ఎర్రరంగు డబ్బా తెచ్చి అట్ట మీద అడ్డంగా మన మంద గీత కొట్టాడు. “కొత్త జీవం వచ్చినప్పుడు గుర్తెయ్యకపోతే వేరే మందలో కలిస్తే ఎట్ల తెలుస్తది?” అని పైగా నన్నే అడిగాడు. ఈ చుట్టుపక్కల వేరే వ్యాకరణాల మంద ఎక్కడుందో నాకు తెలియదు. ఉన్నత స్థాయి అన్న మాట రంగు కింద పోయింది.

పుస్తకంలో మనుషులు మాత్రం వేరే జాతి వదినా. అందరికీ రైళ్లు తప్పిపోతుంటాయి. అందరూ గొడుగులు మరిచిపోతుంటారు. ఒకావిడ ఏ పేజీ తిప్పినా ఆ ఇల్లు కొనకుండా ఉండాల్సిందని ఏడుస్తూ ఉంటుంది. ఒక్కరింట్లో గొర్రెలు లేవు, కరెంటు పోదు, చెప్పకుండా చుట్టాలు రారు. ఇంత సుఖంగా ఉండీ వాళ్లకి అంత కష్టమైన వాక్యాలు ఎందుకో అర్థం కాదు.

మొదటి నాలుగు పాఠాలు చేసి పంపుతున్నాను. తొందరగా దిద్దు. రాత్రిళ్లు నిద్ర పట్టక కాదు, పగలే గడవడం లేదు. నాకు ఆ ఉద్యోగం కావాలి వదినా. తమాషాకి ఎన్ని అన్నా ఈ ఒక్క మాట తమాషా కాదు. రోజులో ఒక్క గంటైనా నాకు వచ్చింది ఇంకొకరికి చెప్పే చోటు ఒకటి కావాలి.

మేపుతున్న
పార్వతి


గిద్దలూరు
4 ఫిబ్రవరి 2025

మరదలా,

ఊరగాయ అందలేదు. జీవానందాన్ని అడిగితే దారిలో సీసా పగిలిందన్నాడు. పగిలిన సీసా వాసన వాడి మూతి దగ్గర ఎందుకొస్తుందో అడగలేదు.

నీ కాగితాలు దిద్ది పంపుతున్నాను. ఎర్ర ఇంకు ఎక్కువ కనిపిస్తే కంగారు పడకు. నీ ఇంగ్లీషు బాగుంది, నువ్వు ఆగడం లేదు. మాట్లాడినంత వేగంగా రాస్తున్నావు. పాఠం చెప్పేటప్పుడు ఆ వేగానికే పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటారు, కాగితం మీద అదే వేగం నీ కొంప ముంచుతోంది. ఒక వాక్యం రాశాక బయటకి పోయి ఒక గొర్రెను పలకరించి వచ్చి మళ్లీ చదువు.

మీ అన్న సంగతి చెప్పాలి. దుకాణం తెరిచేది ఆయన, కూర్చునేది నేను. పొద్దున షట్టర్ ఎత్తి దేవుడికి అగరొత్తి వెలిగించి పక్క టీ కొట్టులో క్యారమ్ బోర్డు దగ్గరకు పోతాడు, మధ్యాహ్నం అన్నానికి దర్శనమిస్తాడు. నిన్న ఎవరో గొర్రెకు కాలు వాచిందని వస్తే మందు ఇచ్చి ఎలా వాడాలో నేనే చెప్పాను. మందుకు వచ్చినాయన వెళ్తూ వెళ్తూ, “సతీష్ మంచి మందు ఇచ్చినాడని చెప్పమ్మా” అన్నాడు.

నీ కాగితాలు వచ్చిన రోజు దుకాణం చిన్నగా అనిపించదు. అంతే. ఇంకేం లేదు.

ఉమ


మన ఇల్లు
18 ఫిబ్రవరి 2025

వదినా,

నీ సలహా పాటించాను. ఇప్పుడు గొర్రెలకు నా ఇంగ్లీషు మీద ఒక అభిప్రాయం ఏర్పడింది.

ఒక్క పుస్తకంతో సరిపోదని ఇంకా కొన్ని పట్టాను, విను. ఒకటి ఫోన్‌లో యాప్. రోజూ చదవకపోతే అలుగుతుంది. మూడు రోజులు పెళ్లికి పోయి వచ్చేసరికి, నువ్వు నన్ను మర్చిపోయావు అని మెసేజ్ పెట్టింది. మన మేనత్త కూడా ఇంత సాధించదు. పైగా అది నన్ను పరీక్షించి, ఇది యాపిల్, ఇది బాలుడు అని చెప్పి చప్పట్లు కొట్టింది. తీసేశాను. ఇంకొకటి వీడియోల సారు. ఆయన మొదటి పది నిమిషాలు తన శిష్యులు ఎక్కడెక్కడ ఉద్యోగాలు చేస్తున్నారో చెబుతాడు, చివరి పది నిమిషాలు తన కోర్సులో చేరమంటాడు, మధ్యలో గ్రామర్‌కి భయపడొద్దని ధైర్యం చెబుతాడు. నాకు భయం లేదు సారూ, పాఠం చెప్పు అని అరిచాను. మేక ఒకటి బెదిరింది.

పనికొచ్చిందల్లా రెండే. మార్కాపురం లైబ్రరీలో పాత వ్యాకరణం ఒకటుంది, అట్ట లేదు, పేరూ తెలియదు, అక్షరాలు ఆవగింజలంత. కానీ ఒక్కో సంగతికి పది ఉదాహరణలు ఇచ్చి ఎందుకో కూడా చెబుతుంది. దాని ముందు కూర్చుని రాసుకొస్తున్నాను. రెండోది నేను రాసిందే ఫోన్‌లో చదివి రికార్డు చేసుకుని మర్నాడు వినడం. మర్నాటికి అది ఎవరో తెలివితక్కువ దాని గొంతులా వినిపిస్తుంది. తప్పులు టపటపా దొరుకుతాయి.

ఈసారి కాగితాల మీద ఎర్ర ఇంకు తగ్గుతుందని పందెం.

పార్వతి


గిద్దలూరు
2 మార్చి 2025

పార్వతీ,

ఎర్ర ఇంకు తగ్గడం కాదు, అసలు లేదు. ఐదు పాఠాలు, ఒక్క తప్పు లేదు. నాకు సంతోషం వేయాలి. వేయలేదు.

నిజం చెప్పు. జవాబులు ఎక్కడ దొరికాయి? ఆ పుస్తకం ఇంకొకటి ఎవరి దగ్గరైనా ఉందా? నెల క్రితం అడుగడుక్కీ తడబడినదానివి ఇప్పుడు ఒక్కసారిగా దొరసానివైపోయావా? నాకు కాగితాలు చూపించి మెప్పు పొందడం కాదు పార్వతీ, మార్కాపురంలో నీ పక్కన ఎవరూ కూర్చుని చెప్పరు. అక్కడ మళ్లీ పోతే ఈసారి నీ ముఖం నేను చూడలేను.

కోపంతో రాయడం లేదు. కొంచెం కోపంతోనే రాస్తున్నాను.

ఉమ


మన ఇల్లు
9 మార్చి 2025

వదినా,

నేను దొంగతనం చేస్తే ఇంత కష్టపడి చేయను. ముందు ఉత్తరంలో లైబ్రరీ సంగతి అంతా రాశాను, చదవలేదా? ఆ అట్టలేని పుస్తకం ముందు కూర్చుని నా కళ్లు పోయాయి. నువ్వు ఒక్క మాట “బాగా చేశావే” అంటే ఏం పోయేది?

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. నువ్వు దిద్దిన మొదటి కాగితాల్లో మూడు నాలుగు చోట్ల నేను రాసింది తప్పని కొట్టావు. లైబ్రరీ పుస్తకం చూస్తే నాదే ఒప్పు. ఆ జవాబుల పేజీలు అలా ఉన్నాయా, లేక నువ్వు వాటిని చూడకుండానే గీతలు కొడుతున్నావా? ఆ పేజీలు నాకు పంపు. మార్కాపురం కాలేజీ వాళ్లు ప్రకటన ఇచ్చారు, మే 18న రాతపరీక్ష, ఆ రోజే పాఠం చెప్పించుకుంటారట. ఇంక ఆటలకు టైము లేదు.

నాయన మందను తోలుకుని వచ్చే వారం మీ వైపు కొండల్లోకి వస్తున్నాడు. ఇక్కడ గడ్డి అయిపోయింది. మన మధ్య మాటల్లేవని ఆయనకి చెప్పకు. కోపంలో ఉన్నాను కాబట్టి కింద పూర్తి పేరే పెడుతున్నాను.

శివపార్వతి


గిద్దలూరు
21 మార్చి 2025

పార్వతీ,

లైబ్రరీ సంగతి చదివి మరిచిపోయాను. బాగా చేశావు. నిజంగా.

పేజీలు ఇప్పుడు పంపడం కుదరదు. నాతోనే ఉండాలి కొన్నాళ్లు. ఎందుకని అడక్కు.

మామ నిన్న దుకాణానికి వచ్చి గొర్రెలకు మందు తీసుకుని పోయాడు. “పుస్తకం మేస్తున్నాదామ్మా” అని అడిగాడు. బాగా మేస్తోందని చెప్పాను.

ఉమ


మన ఇల్లు
6 ఏప్రిల్ 2025

ఉమా మేడం గారికి,

ఇక మీదట ఇలాగే పిలవాలి కదా.

జీవానందం మనసులో ఏ మాటా నిలవదు. నిన్న వచ్చి, “అక్కా, ఉమక్కను మార్కాపురం కాలేజీ గేటు దగ్గర దింపినాను. సర్టిఫికెట్ల ఫైలు పట్టుకున్నాది. మంచి చీర కట్టింది. సతీషన్నకు చెప్పొద్దు అన్నాది, నువ్వు సతీషన్న కాదు కదా, అందుకే చెప్తున్నా” అన్నాడు.

ఎందుకని అడగొద్దన్నావే, ఇందుకా? ఉన్నదే ఒక్క ఉద్యోగం. అది నాకోసం అని రాసింది నువ్వే. నా చేత అభ్యాసాలు చేయించుకుని, జవాబులు నీ దగ్గర పెట్టుకుని, ఒప్పుల్ని తప్పులని కొట్టి నన్ను భయపెట్టి, నువ్వు అప్లికేషన్ పెట్టావు. నేను మేపితే పాలు పిండుకున్నావు.

సరే. పాలు పంచుకుందాం. మన పద్ధతి నీకు తెలుసు కదా. కలిసి ఉండలేమన్నప్పుడు మేపినవాళ్లు మందను రెండు గుంపులు చేయాలి, సొంతదారు ఏ గుంపు కావాలో ముందు ఎంచుకోవాలి. జాకెట్లు కత్తిరించే కత్తెరతో కుట్టు ఊడదీసి పుస్తకాన్ని రెండు ముక్కలు చేశాను. ఒకటో పాఠం నుంచి యాభై వరకు ఒక గుంపు. యాభై ఒకటి నుంచి వంద వరకు ఇంకొకటి. అన్యాయం లేదు, రెండూ సమానంగా లావున్నాయి. ఎర్రగీత అట్ట మాత్రం మొదటి దానికి వస్తుంది. ఏది కావాలో చెప్పు, పంపేస్తాను.

అమ్మ చూసి, “ఈనక ముందే పంచుకునేదేందే, మీకేమన్నా మతి పోయినాదా?” అని తిట్టింది. తిట్టనీ.

శివపార్వతి


గిద్దలూరు
15 ఏప్రిల్ 2025

పార్వతీ,

రెండో గుంపు నాకు పంపు.

అవును, పెట్టాను అప్లికేషన్. జీవానందం చెప్పింది నిజమే, చీర ఒక్కటే అబద్ధం. అది పాతదే, ఇస్త్రీ చేయించాను.

నీ కాగితాలు వచ్చినప్పుడు ఏం చేసేదాన్నో చెప్తాను. నట్టల మందు డబ్బా అట్ట ఒకటి చింపి నీ జవాబుల మీద పెట్టి, ప్రశ్న మాత్రం చూసి నేను కూడా మనసులో చేసేదాన్ని. తర్వాత అట్ట తీసి నీ జవాబు చూసేదాన్ని, ఆ తర్వాతే జవాబుల పేజీ. ఒక్కోసారి మధ్యలో ఎవరో బర్రెను తోలుకొచ్చి గొంతు చించుకునేవారు. అప్పుడు నా జవాబే ఒప్పనుకుని నీది కొట్టేసి వ్యాన్ ఎక్కించేదాన్ని. సాయంత్రం పేజీ చూసుకుంటే నువ్వే రైటు. ఆ మూడు నాలుగూ అవే. నిన్ను భయపెట్టడానికి కాదు, నాకు పొగరు.

పుస్తకం కొన్న రోజు నాకు ఈ ఆలోచన లేదు. నీ మీద ఒట్టు. నీకు ఒక్క తప్పు కూడా రాని ఆ ఐదు పాఠాలు ఉన్నాయి చూడు, వాటిలో నాకూ ఒక్క తప్పు రాలేదు. ఆ రోజు నాకు సంతోషం వేయలేదని రాశాను కదా. నిజానికి లోపల ఒకటే గుబులు. నాకు కూడా ఎం.ఏ. ఉందే అనిపించింది. ఆ సంగతి మీ ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరికీ గుర్తులేదు. నాకే గుర్తులేదు. పెళ్లైనప్పటి నుంచి నేను ఇంగ్లీషులో చదివిందల్లా మందు సీసాల మీద చీటీలు.

నీకు ముందే చెప్పాల్సింది. చెబితే నువ్వు పోటీ మానుకుంటావని భయం, మానుకోవేమో అని ఇంకా భయం. రెండూ రాయలేక “అడక్కు” అని రాశాను. మానుకోకు. నేనూ మానుకోను. దీంతోపాటు మొదటి యాభై పాఠాల జవాబులు పంపుతున్నాను, నీ గుంపుకి నీ జవాబులు. తిట్టాలనుంటే తిట్టు గాని గొర్రెలతో చెప్పి తిట్టించకు.

ఉమ


మన ఇల్లు
24 ఏప్రిల్ 2025

వదినా,

రెండో ముక్క పంపుతున్నాను. మూలలు మేక కొరికింది, అది నా తప్పు కాదు. నువ్వు ముందే చెబితే పంచుకోవాల్సిన పనే ఉండేది కాదు. కోపం పోలేదు. సగం పోయింది. ఈ ఏడాది అన్నీ సగాలే.

నేను మానుకోను. నిన్ను ఓడిస్తాను. పరీక్షలో నా పక్కన కూర్చోకు, అట్టముక్క పెట్టుకుని నాది చూస్తావు.

ఆ ఇల్లు కొన్నావిడ నీ ముక్కలోకి వచ్చింది. చివరికి అమ్మేసిందో లేదో చెప్పు.

పార్వతి


గిద్దలూరు
8 జూన్ 2025

పార్వతీ,

నిన్న కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. రాతలో నాకు ఎక్కువ, పాఠంలో నీకు ఎక్కువ, రెండూ కలిపితే వెంట్రుకవాసి నేను ముందు, నువ్వు వెనక. ప్రిన్సిపాల్ మేడం, “మీరిద్దరూ చుట్టాలా? ఒకే గురువు దగ్గర చదువుకున్నారా?” అని అడిగింది.

మీ అన్నకు అప్పుడు చెప్పాను. ఆయన గట్టిగా అరవలేదు, అరిచినా బాగుండేది. “నువ్వు మార్కాపురం పోతే దుకాణం ఎవురు చూస్తారు?” అన్నాడు. అన్నం తిన్నాడు. క్యారమ్‌కు పోయాడు. అంతటితో ఆ సంగతి అయిపోయింది ఆయనకి.

ఈ పొద్దున నేనే కాలేజీకి ఫోన్ చేసి రాలేనని చెప్పాను. తర్వాత పేరు నీదే. నీకు ఇవాళో రేపో ఫోన్ చేస్తారు. ఎవరికోసం మొదలుపెట్టామో వాళ్లకే చేరింది, బాధపడాల్సింది ఏముంది? నేను బాగానే ఉన్నాను. ఒకటే కోరిక, క్లాసులో మొదటి రోజు ఏం చెప్పావో వివరంగా రాయి, ఒక్క మాట వదలకుండా.

వ్యాన్ ఆదివారం రాదు. జీవానందం బండి మీద తెచ్చిస్తానన్నాడు.

వదిన


మార్కాపురం, స్టాఫ్ రూమ్
29 జూన్ 2025

పార్వతీ,

పొద్దుటి రైలుకి వస్తున్నాను, సాయంత్రం రైలుకి పోతున్నాను. ఇప్పుడు నాకు కూడా రైలు తప్పిపోతుంది, గొడుగు మరిచిపోతున్నాను. పుస్తకంలో మనుషుల్ని మనం అన్యాయంగా ఎగతాళి చేశాం.

నువ్వేం చేశావో నాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. మామ చెప్పడు, జీవానందం పది రకాలుగా చెబుతాడు. నాకు తెలిసింది నేను చూసిందే. పదకొండో తేదీ పొద్దున దుకాణంలో కూర్చున్నాను. గంటల చప్పుడు వినిపించింది. తలెత్తి చూస్తే రోడ్డు కనిపించలేదు, అన్నీ గొర్రెలే. మామ మంద మొత్తం తోలుకొచ్చి మన దుకాణం ముందు ఆపాడు. బస్సు హారన్ కొడుతోంది, జనం ఫోన్లు పట్టుకుని వీడియోలు తీస్తున్నారు. ఒక పొట్టేలు మెట్లెక్కి లోపలికొచ్చి అగరొత్తి వాసన చూసింది. మామ మాత్రం మెట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాడు.

మీ అన్న టీ కొట్టు నుంచి పరిగెత్తుకొచ్చాడు. “ఏంది నాయనా ఇది, రోడ్డు మీద?” అన్నాడు.

“కోడలు పోతే దుకాణం ఎవురు చూస్తారని అన్నావంట.”

“అన్నాను. నిజమే కదా?”

“ఈ దుకాణం ఎవురిదిరా?”

“నాదే.”

“మరి నువ్వు కూర్చో. కూర్చునేదాకా ఈ మంద ఈడ్నే ఉంటది. నాకేం తొందర లేదు, వానలు ఇంకా పడలా.”

మందులకు వచ్చినవాళ్లంతా మామ మాట జవదాటని కాపరులు. అందరూ చేతులు కట్టుకుని మీ అన్న వైపు చూస్తున్నారు. ఆయన పోయి నా కుర్చీలో కూర్చున్నాడు. ఒకాయన గొర్రెపిల్ల పారుకుంటోందని మందు అడిగాడు. మీ అన్న అరలన్నీ వెతికి, చివరికి నన్నే పిలిచాడు. మామ, “ఆమెను పిలవాకు, నేర్చుకో” అన్నాడు. మధ్యాహ్నానికి కదిలాడు. పోతూ పోతూ నాతో, “మేడం ఇంకెవురినీ పెట్టుకోలేదంట, సోమవారం దాకా ఆగుతాదంట. పార్వతి అడిగి పెట్టింది. పోమ్మా” అన్నాడు. వాకిలి ఊడవడానికి మాకు సాయంత్రం అయింది. మీ అన్న కూడా ఊడ్చాడు.

నువ్వు గిద్దలూరు మీదుగా బస్సులో కొండకు పోయి మామను కలిసి, మా ఇంటి ముందు నుంచే తిరిగి పోయావట. ఒక్కసారి దిగలేదు. దిగితే నేను వద్దని పట్టుకుంటానని నీకు తెలుసు. నేను పట్టుకునేదాన్ని.

పాఠం బాగానే సాగుతోంది. పిల్లలు నన్ను చూసి మొదట నవ్వారు, తర్వాత నవ్వలేదు. ముందు వరసలో ఒక పిల్ల ఆగకుండా వేగంగా రాస్తుంది. ఒక వాక్యం రాశాక ఆగి మళ్లీ చదవమని ఆ పిల్లకు కూడా చెబుతున్నాను. నీకు రావాల్సింది నేను తీసుకున్నానని రోజూ అనిపిస్తోంది. నాకు ఇది చాలా ఇష్టంగా ఉంది, అది కూడా నిజం. రెండూ కలిపి ఎలా మోయాలో తెలియడం లేదు. నన్ను తిట్టి ఒక ఉత్తరం రాయి. తేలికపడతాను.

ఉమ


మన ఇల్లు
6 జూలై 2025

వదినా,

తిట్టను. నీకు తేలిక చేయడం నా పని కాదు.

వానలు పడ్డాయి. నాయన మందతో ఇల్లు చేరాడు. గిద్దలూరులో తీసిన వీడియో ఎవరో చూపిస్తే, “నా పొట్టేలు బాగా పడినాది” అని పదిసార్లు వేయించుకున్నాడు. కంభంలో ఇంకో కాలేజీ వాళ్లు సెప్టెంబరులో మనిషిని తీసుకుంటారట, దానికి చదువుతున్నాను. రెండో ముక్క నీకు అయిపోతే పంపు.

ఒకటి చెప్పాలి. నేనేదో త్యాగం చేశానని నువ్వు అనుకుంటున్నావు, నాయన అందరికీ అలాగే చెప్పుకుంటున్నాడు. అలా ఏం జరగలేదు. ప్రిన్సిపాల్ మేడం నాకు ఆదివారం ఫోన్ చేసింది, నీ ఉత్తరం అందిన కాసేపటికే. “ఉమ గారు రాలేనన్నారు, మీరు చేరతారా?” అంది. నేను కాదనలేదు. రేపు చెబుతానన్నాను.

ఆ పూటంతా ఆ ఉద్యోగం నాదే వదినా. అమ్మకి కూడా చెప్పలేదు. గొర్రెపిల్లలకు పాలు పడుతూ మార్కాపురంలో గది చూసుకున్నాను, కిటికీ ఉన్న గది. ఏ చీర కట్టాలో అనుకున్నాను. మొదటి రోజు బోర్డు మీద ఏం రాయాలో అనుకుని, గొడ్లచావిడి గోడ మీద బొగ్గుతో రాసి చూసుకున్నాను. ముప్పై మంది ఆడపిల్లలు లేచి నిలబడ్డారు. నేను కూర్చోమన్నాను. నువ్వు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. నిజంగా రాలేదు.

చీకటి పడ్డాక నీ ఉత్తరం మళ్లీ చదివాను. ఒక్క మాట వదలకుండా రాయమన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. గోడ మీద రాసింది తుడిచేశాను. మర్నాడు మేడంకు ఫోన్ చేసి సోమవారం దాకా ఆగమని బతిమాలి, ఆ పై రోజు బస్సెక్కాను. గిద్దలూరులో దిగకపోవడానికి కారణం నువ్వు పట్టుకుంటావని కాదు. నువ్వు ఒక్కసారి “నువ్వే చేరవే” అంటే చేరిపోతానని.

ఆ పూట ఎంత బాగుందో నీకు చెప్పాలనిపించింది. నీకు ఇప్పుడు రోజూ అదే. రైలు తప్పిపోనీకు.

పార్వతి